నాలుగు చుట్లు వదులు

వాచీల మామయ్యకి ఉన్న అలవాటు ఒక్కటే. కనిపించిన ప్రతి మనిషినీ సలహా అడుగుతాడు. తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. మిగతా మగవాళ్లకి తలా కాస్త పంచాల్సిన పిచ్చినంతా దేవుడు ఈయన దగ్గరికొచ్చేసరికి ఈ ఒక్క అలవాటులోనే పోసేశాడని ఆయన భార్య నమ్మకం. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది కాబట్టి వీధంతా టీచరమ్మ అంటారు. ఆయన్ని ఎదురుగా వాచీల మామయ్య అనీ, ఆయన మలుపు తిరిగాక "ఏంచేయమంటారు" అనీ అంటారు.

ఆ రెండో పేరు ఊరికే రాలేదు. ఆయన మాట ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే చేరుతుంది. "గొడుగు పుల్ల విరిగిందండీ, ఏం చేయమంటారు?" "ఎడమ చెవి దురదగా ఉందండీ, ఏం చేయమంటారు?" పెళ్లికి ముందు పెద్దవాళ్లు ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకోమని చెప్పి పక్క గదిలోకి వెళ్తే, టీచరమ్మకి భయంతో నోరు పెగల్లేదు. పది నిమిషాలు నేల చూశాక ఆయనే నోరు విప్పాడు.

"నా వాచీ రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోందండీ. ఏం చేయమంటారు?"

అడిగింది ఎవరు? మూడు వీధుల వాచీలు బాగుచేసే మనిషి. అడిగింది ఎవర్ని? వాచీ మూత కూడా ఎప్పుడూ తీసి చూడని పిల్లని. ఆవిడకి నవ్వొచ్చింది. "రోజూ పొద్దున రెండు నిమిషాలు ముందుకి తిప్పుకోండి" అంది. అంతే. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ వాచీ మర పట్టుకుని తిప్పుతూనే ఉన్నాడు. బాగు మాత్రం చేసుకోలేదు.

"ఊళ్లోవాళ్లవన్నీ బాగుచేస్తారు, మీది చేసుకోవడానికేం?" అని టీచరమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"నువ్వు చెప్పిన వైద్యం పనిచేస్తోంది కదా" అంటాడాయన.

ఇలాంటి మనిషి మోటారు సైకిలుకి మూడు నెలల కింద న్యూట్రల్ పడని జబ్బు పట్టుకుంది. బండి తొక్కనివాళ్ల కోసం చెప్పాలంటే, మొదటి గేరుకీ రెండో గేరుకీ మధ్య ఒక ఖాళీ చోటు ఉంటుంది. కాలితో సగం తట్టు తడితే బండి అందులో పడాలి. పడితే ఇంజను తిరుగుతున్నా చక్రం కదలదు, మీటరు పక్కన చిన్న పచ్చ లైటు వెలుగుతుంది, హాయిగా క్లచ్చి వదిలేసి నిలబడొచ్చు. పడకపోతే గేరు కిందికీ పైకీ దూకుతుంది తప్ప మధ్యలో ఆగదు, బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజను ఆగిపోతుంది. మామయ్య బండి రోజూ పొద్దున సరిగ్గా అదే చేసేది, అదీ టీచరమ్మని బడికి దింపడానికి వెళ్తుండగా.

ఇక చూడాలి ఆయన సంబరం. సలహాలు అడిగేవాడికి ఇంతకన్నా పెద్ద నిధి దొరకదు.

మంగలి షాపులో అడిగాడు. "మెత్తటి చెప్పులతో గేరు ఆనదు మామయ్యా, గట్టి బూటు వేసుకోండి" అన్నాడతను. మర్నాడు మామయ్య మోకాళ్లదాకా వచ్చే వాన బూట్లు వేసుకుని మండుటెండలో దుకాణానికి వెళ్లాడు. రిటైరైన బస్సు డ్రైవరుని అడిగాడు. "ఆగిపోయాక వెతికితే దొరకదయ్యా. ఆగబోయే ముందు, చక్రం ఇంకా దొర్లుతుండగానే రెండో గేరులోంచి సగం తట్టు" అన్నాడాయన. మామయ్య దొర్లుతూ తడుతూ, తడుతూ దొర్లుతూ వెళ్లి బేకరీ మెట్టు ఎక్కాడు. బేకరీ ఆవిడ ఏమీ అనకముందే ఆవిణ్ణీ అడిగాడు. ఇంజను ఆయిలు మార్చి చూడమంది. మార్చాడు.

పన్ను నొప్పని వెళ్లి, నోరు తెరిచి పెట్టుకుని కూడా పళ్ల డాక్టరుని అడిగాడట. "ఇంజను ఆపేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, లోపల పళ్లు సర్దుకుని గేరు జారుతుంది" అన్నాడు డాక్టరు. ఈ వైద్యం నిజంగానే పనిచేసింది. కష్టమల్లా, దిగి ఊపాల్సింది వెనక కూర్చున్న టీచరమ్మ. చంకలో పరీక్ష పేపర్ల సంచీ, చేతుల్లో బండి వెనక కడ్డీ, ముందు నుంచి ఆయన గొంతు.

"పచ్చ లైటు వెలిగిందా?"

"లైటు మీ ముందుంది. నన్నడుగుతారేంటి?"

"నీ కళ్లు నాకన్నా మంచివి కదా."

నలుసంత చక్రాలు భూతద్దంలో చూసి సరిచేసే కళ్లు ఆయనవి. బడిలో ఆలస్యానికి ఒక పుస్తకం ఉంది, ఆలస్యంగా వచ్చినవాళ్లు కారణం రాసి సంతకం చేయాలి. మొదటిసారి టీచరమ్మ "వాహనంలో లోపం" అని రాసింది. పదోసారికి "న్యూట్రల్" అని ఒక్క మాట రాయడం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు గారికి కూడా బండి ఉంది కాబట్టి అర్థం చేసుకున్నారు.

ఇదంతా భరించేదే. టీచరమ్మ భరించలేనిది మరొకటి ఉంది. ఆ బండి రోజూ సరిగ్గా మెకానిక్ బాబాయి గేటు ముందే ఆగేది.

బాబాయిది వీధి మధ్యలో ఇల్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు బజారులో మోటారు సైకిళ్ల షెడ్డు నడిపాడు. ఆ మధ్య అటక మీంచి ఏదో దించబోయి నిచ్చెన జారి పడ్డాడు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, ఎముక అతుక్కుంది, మనిషి మాత్రం లేవలేదు. వసారాలో కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే. మూడు నెలల్లో ఒకేసారి నూరడుగులు వేసి చూపించాలి, కర్ర పట్టుకునైనా సరే, లేకపోతే కండ బిగుసుకుపోయి ఆ కాలు ఇక మాట వినదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. బాబాయి కూతురు ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చి కూర్చుంది. బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. టీచరమ్మ కూడా తన వంతు వెళ్లి చెప్పింది.

"రోజుకి ఒక్క అడుగు పెంచండి బాబాయిగారూ. మూడు నెలలకి తొంభై, ఇంకో పది ఎంతలో వస్తాయి."

"వేసి ఎక్కడికెళ్లాలమ్మా?" అన్నాడు బాబాయి. షెడ్డు వేరేవాళ్లకి అప్పగించేశారు. ఆ ప్రశ్నకి లెక్కల్లో జవాబు లేక టీచరమ్మ లేచి వచ్చేసింది.

అలాంటి మనిషి గేటు ముందు బండి ఆపి, హారను కొట్టి మరీ, "బాబాయ్, న్యూట్రల్ పడటం లేదు, ఏం చేయమంటారు?" అని అరిచే మొగుణ్ణి కట్టుకున్నందుకు ఆవిడ తల ఎక్కడ పెట్టుకోవాలి?

మొదటి రోజు కుర్చీలోంచే జవాబొచ్చింది. "తగలెయ్యి."

రెండో రోజు, "క్లచ్చి పిడి నొక్కి చూడు. పట్టు ఎక్కడ మొదలవుతోంది?"

"పట్టు అంటే ఏంటి బాబాయ్?"

"వైరు వదులుగా ఉందా అని."

"ఎంత ఉంటే వదులు అంటారు?"

"రెండు రూపాయి బిళ్లల మందం దాటితే వదులు. వైరు వదులైతే నువ్వు పిడి ఎంత నొక్కినా లోపల క్లచ్చి పూర్తిగా విడదు. ఇంజను చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. ఇక న్యూట్రల్ ఎక్కడ పడుతుంది, నీ మొహం."

"అయితే ఏం చేయమంటారు?"

మూడో రోజు పానా తెచ్చాడు. తిరగేసి పట్టుకున్నాడు. నట్టు బిగించాల్సింది పోయి అద్దం నట్టు విప్పాడు, అద్దం ఊడి చేతికొచ్చింది. నాలుగో రోజు బ్రేకు వైరు పట్టుకుని ఇదేనా అని అడిగాడు. అయిదో రోజు బాబాయి ఇక ఉండలేకపోయాడు. కళ్ల ముందు ఒకడు పనిని పాడుచేస్తుంటే ఆ పని తెలిసినవాడు కూర్చోలేడు. నాలుగు కాళ్ల స్టాండు ఊతం చేసుకుని, ఒళ్లంతా చెమటతో, తిట్టుకుంటూ, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గేటు దాకా వచ్చాడు.

"తప్పుకో అవతలికి. వాచీలు చేసుకో పో."

పిడి దగ్గర చిన్న నట్టు వదులు చేసి, వైరు మర తిప్పి, నట్టు బిగించాడు. అరనిమిషం పని. కాలితో తట్టమన్నాడు, పచ్చ లైటు వెలిగింది. టీచరమ్మ సిగ్గుతో చచ్చిపోయి, "క్షమించండి బాబాయిగారూ, మళ్లీ మిమ్మల్ని కష్టపెట్టం" అంది.

మర్నాడు పొద్దున బండి మళ్లీ అక్కడే ఆగింది. ఆ మర్నాడూ అంతే. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు మాత్రం న్యూట్రల్ చక్కగా పడేది.

"అదేంటండీ, జబ్బు పొద్దున పూటే వస్తుందా?"

"రాత్రంతా చల్లబడి ఉంటుంది కదా. అలా అయితే ఏం చేయాలో మన బస్సు డ్రైవరుని అడగాలి."

మూడో వారానికి ఇంకో విశేషం జరిగింది. బండి బాబాయి గేటు దాటి, కరెంటు స్తంభం దగ్గర ఆగింది. తర్వాత కొన్నాళ్లకి కుళాయి దగ్గర. ఆ తర్వాత ఇస్త్రీ షాపు దగ్గర. ఆగిన చోటు నుంచి మామయ్య కేక పెట్టడం, బాబాయి స్టాండు మానేసి కర్ర పట్టుకుని, "గేటు ముందు ఆపి చావొచ్చుగా" అని గొణుక్కుంటూ అక్కడిదాకా రావడం. వీధిలోవాళ్లు వాకిళ్లలో నిలబడి చూసేవాళ్లు. టీచరమ్మకి ఆ చూపులన్నీ తన వీపు మీదే ఉన్నట్టుండేది.

ఒక శుక్రవారం బేకరీ మెట్ల దాకా రప్పించాడు. బాబాయి ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడ్డాడు. ఆ సాయంత్రం టీచరమ్మ నోరు విప్పింది. ఇరవై రెండేళ్లలో అంత కోపం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

"మీకు మనసనేది ఉందా? తుంటి విరిగినాయన్ని రోజూ వీధిలోకి లాగుతారా? బజారులో మెకానిక్కులు లేరా?"

"వాళ్లకి బాబాయి అంత అనుభవం లేదే."

"మంగళవారం ఆయన డాక్టరు దగ్గరికెళ్లాలి. నూరడుగులు వేయకపోతే కాలు పోయినట్టేనట. వాళ్లమ్మాయి నిద్ర లేకుండా ఉంది. మీకు మీ న్యూట్రల్ గోల."

"నిజమే. ఏం చేయమంటావు?" అన్నాడు మామయ్య, చాలా వినయంగా.

టీచరమ్మకి మాటలతో పని కాదనిపించింది. చేసి చూపించాలనుకుంది. మర్నాడు శనివారం మధ్యాహ్నం ఆయన దుకాణంలో ఉండగా బండి తీసింది. ఆవిడకి పెళ్లికి ముందే బండి వచ్చు, ఈయన వెనక కూర్చుని కూర్చుని మరిచిపోయిందంతే. తీరా చూస్తే దారి పొడుగునా ఆ బండి ఎక్కడ తడితే అక్కడ న్యూట్రల్ పడింది. కుదుపు లేదు, మొరాయింపు లేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గిపోయినట్టుంది యవ్వారం.

బజారులో మెకానిక్ ఒక చుట్టు తిప్పుకొచ్చి, "దీనికి ఏ జబ్బూ లేదమ్మా" అన్నాడు. తర్వాత పిడి దగ్గర కూర్చుని వైరు మర చూసి, కనుబొమలు పైకెత్తాడు.

"బండి పాతదే గానీ ఈ మర చూడండి, కొత్త చెంచాలా మెరుస్తోంది. దీన్ని ఎవరో రోజూ తిప్పుతున్నారు. ఒకళ్లు వదులు చేస్తున్నారు, ఒకళ్లు బిగిస్తున్నారు. ఇవిగో, నట్టు మీద సన్నటి గీతలు. ఇవి మా పానా గీతలు కావు. ఏదో చిన్న పట్టకారువి."

"అయితే ఇక ఎవరూ వదులు చేయకుండా గట్టిగా బిగించు బాబూ" అంది టీచరమ్మ, ఆ మాటల్లో అర్థం ఇంకా బుర్రకెక్కక.

అతను పానా పెట్టి ఒంట్లో బలమంతా వేసి బిగించాడు. ఎలాగూ వచ్చింది కదా, బ్యాటరీ కూడా చూద్దామని సీటు కింద పక్క మూత ఊడదీశాడు. మూత లోపలి వైపు చూసి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

సూదితో గీసినట్టు సన్నటి అంకెలు, ఒకదాని కింద ఒకటి. 12, 12, 12, 12, తర్వాత ఒక రెండు వారాల పాటు 12లే. తర్వాత వరసగా 27లు, అటుపై 45లు, మధ్యలో ఒక్క 27, మళ్లీ 45లు, కొన్ని 70లు, చివర 84.

ఆ చేతిరాత టీచరమ్మకి తెలుసు. వాచీలవాళ్లకి ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన ప్రతి వాచీ మూత లోపల, ఎవరికీ కనిపించకుండా, ఆ రోజు తేదీ సూదితో గీసిపెడతారు. మళ్లీ ఆ వాచీ చేతికొస్తే ఎన్నాళ్లు నడిచిందో తెలియడానికి. ఆయన ఇక్కడ గీసినవి తేదీలు కావు. లెక్కల టీచరు కదా, ఆవిడకి ఊరుకోబుద్ధి కాలేదు. పన్నెండుకీ ఇరవై ఏడుకీ తేడా పదిహేను, తర్వాత పద్దెనిమిది, తర్వాత ఇరవై అయిదు. వరస లేదు. నలభై అయిదు తర్వాత మళ్లీ ఇరవై ఏడుకి ఎందుకు తగ్గింది? మధ్యలో ఒక రోజు బాగా వాన పడింది. ఆ రోజు బండి కుళాయి దాకా వెళ్లకుండా కరెంటు స్తంభం దగ్గరే ఆగింది. తను తడిసిపోయి బడికెళ్లింది.

టీచరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చి బండి పెట్టేసి, చేతిలో ఊరికే ఒక సంచీ పట్టుకుని బాబాయి ఇంటికెళ్లింది. కూతురుతో రెండు మాటలు మాట్లాడి, బాబాయి కుర్చీ పక్క నుంచి బయల్దేరి, బాబాయి వేసినంత చిన్న అడుగులే వేసుకుంటూ లెక్కపెట్టింది. గేటుకి పన్నెండు. కరెంటు స్తంభానికి ఇరవై ఏడు. కుళాయికి నలభై అయిదు. ఇస్త్రీ షాపుకి డెబ్భై. బేకరీ మెట్టుకి సరిగ్గా ఎనభై నాలుగు.

తిరిగి వస్తుంటే బాబాయి కుర్చీలోంచి కేకేశాడు. "ఏంటమ్మా, నేల చూసుకుంటూ నడుస్తున్నావు. ఏమైనా పోయిందా?"

"ఏం లేదు బాబాయిగారూ. ఒక లెక్క సరిచూసుకుంటున్నా."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆయన కుర్చీ పక్క నుంచి, బేకరీకి ఎదురు దిక్కున వీధి చివరున్న తమ ఇంటికి అవే చిన్న అడుగులతో నడుస్తూ, లెక్కపెట్టాలని లేకపోయినా నోరు ఊరుకోక లెక్కపెట్టేసింది. నూట ముప్ఫై ఒకటి.

ఆ సాయంత్రం మొగుడు భోంచేస్తుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసింది. పానా తిరగేసి పట్టుకున్న చేతులు అవే. నిన్న తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఇన్నాళ్లుగా సలహా అడిగినవాళ్లు కూడా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఇంట్లో ఎవరూ పలకరించని బస్సు డ్రైవరు, ఎదురుగా పెద్ద సెలూను పెట్టాక కుర్చీ ఖాళీగా ఉంటున్న మంగలి. వాళ్లు సలహా చెబుతున్నప్పుడు ఎంత నిటారుగా కూర్చుంటారో ఆవిడ చూసింది, కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు మామయ్య.

"ఏం లేదు. కూర వేసుకోండి."

చెప్పేయొచ్చు. చెబితే ఈయన సిగ్గుపడి మొత్తం మానేస్తాడు. అలా ఊరుకుంటే ఇంకో ప్రమాదం ఉంది. బజారు మెకానిక్ నట్టు రాయిలా బిగించాడు, ఈయన బుల్లి పట్టకారుకి అది లొంగదు. సోమవారం బండి ఆగకుండా వెళ్లిపోతుంది. మంగళవారం డాక్టరు. బేకరీ మెట్టు దాటి ఇంకో పదహారు అడుగులు మిగిలున్నాయి, ఉన్నది ఒక్క పొద్దు. చేజేతులా పాడుచేశానని ఆవిడకి ఆదివారమంతా అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, మామయ్య స్నానానికి వెళ్లగానే, మేకులు పీకే పాత పట్టకారు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. నట్టు మీద బరువంతా వేసి వేలాడింది. మూడోసారికి కిర్రుమని కదిలింది. ఇక మర ఎంత వదలాలి? ఆలోచించి, ఎందుకైనా మంచిదని నాలుగు చుట్లు తిప్పింది. పాలు పొంగిన వాసనకి పరుగెత్తుకుని లోపలికొచ్చింది.

మామయ్య స్నానం చేసి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వాచీ రెండు నిమిషాలు ముందుకి తిప్పాడు. తర్వాత "బండి తుడుస్తాను" అని బయటికెళ్లాడు. మూడు నెలలుగా రోజూ తుడుస్తున్నాడు, బండి మీద దుమ్ము ఎప్పటిలాగే ఉంది. ఆవిడ కిటికీలోంచి తొంగి చూడలేదు. చూసుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇద్దరూ ఎక్కారు. మామయ్య కిక్కు కొట్టాడు, ఇంజను అందుకుంది. క్లచ్చి పిడి నొక్కాడు, మొదటి గేరు వేశాడు. బండి బెదిరిన గిత్తలా ఒక్క దూకు దూకి, గేటు స్తంభాన్ని ముద్దుపెట్టుకుని, చచ్చినట్టు ఆగిపోయింది. టీచరమ్మ పేపర్ల సంచీ వెళ్లి ముందు చక్రం దగ్గర పడింది.

మళ్లీ కిక్కు. మళ్లీ దూకు. మళ్లీ ఆగడం. న్యూట్రల్ సంగతి దేవుడెరుగు, బండి గడపే దాటడం లేదు.

మామయ్య మొహంలో రంగు మారింది. ఆవిడ ఆయన్ని ఇరవై రెండేళ్లలో మొదటిసారి నిజంగా దిక్కుతోచని స్థితిలో చూసింది. చుట్టూ చూశాడు, వాకిట్లో ఎవరూ లేరు. వీధి మధ్యలో, చాలా దూరంలో, బాబాయి వసారా. అక్కడ బేకరీ అవతల ఆగుదామని ఎన్నాళ్లనుంచో అనుకుంటే, ఇక్కడ ఇంటి ముందే ముగిసిపోయింది.

"ఏం చేయమంటావు?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో అలవాటు లేదు.

ఆవిడ సంచీ తీసుకుని వీధిలోకి నడిచి, జీవితంలో ఎప్పుడూ బడి బయట వాడని గొంతు వాడింది. "బాబాయిగారూ, బండి కదలటం లేదండీ."

వసారాలో కర్ర చప్పుడైంది. గేటు తెరుచుకుంది. బాబాయి అటూ ఇటూ చూసి, అంత దూరంలో వాళ్లని చూసి, ఒక నిమిషం నిలబడిపోయాడు. తర్వాత ఇటు తిరిగాడు. గేటు దాకా వేసిన పన్నెండూ కలుపుకుని, టీచరమ్మ పెదవులు కదుపుతూ పదమూడు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై దగ్గర ఆయన ఆగి చెమట తుడుచుకున్నాడు. డెబ్భై దగ్గర కూతురు గేట్లోంచి బయటికొచ్చి, పిలవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనకాలే నడిచింది. ఎనభై నాలుగు దాటింది. తొంభై. మామయ్య వాచీ చూసుకుంటున్నట్టు తల దించుకుని ఉన్నాడు గానీ ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి. నూరు దగ్గర మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బాబాయికి ఆ లెక్క ఏమీ పట్టలేదు, తిట్టుకుంటూ ఇంకో ముప్ఫై ఒక్క అడుగులు వేసి వాళ్ల అరుగు మీద కూర్చున్నాడు.

"ముందు మంచినీళ్లు ఇవ్వమ్మా."

తాగాడు. పిడి రెండు వేళ్లతో నొక్కి చూశాడు, అది ఉడికిన అన్నం మెతుకులా మెత్తగా ఉంది. మర తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూ పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగి, పిడి చూసి, కళ్లు చిట్లించి మళ్లీ తిప్పాడు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది.

నట్టు బిగించి, చేతులు తుడుచుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"రోజూ నాలుగు చుట్లు వదులు చేస్తావు. నాలుగు బిగిస్తాను. ఇవాళ ఎనిమిదున్నాయి. నాలుగు నీవి. తక్కిన నాలుగు ఎవరివి?"

మామయ్య నోరు తెరిచాడు. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"మీకు తెలుసా బాబాయ్?"

"ముప్ఫై ఎనిమిదేళ్లు అదే పనయ్యా. దానంతటది వదులైన వైరుకీ, వేలితో వదిలిన వైరుకీ తేడా తెలియదా?"

"మరి తెలిసీ రోజూ ఎందుకొచ్చారు?"

"నువ్వు పొద్దున్నే లేచి అంత కష్టపడి పాడుచేసుకుంటుంటివి. రాకపోతే ఏం బాగుంటుంది?" అని బాబాయి కూతురు వైపు తిరిగాడు. "ఇక్కడిదాకా ఎన్నడుగులే?"

"నూట ముప్ఫై ఒకటి" అన్నారు టీచరమ్మా, మామయ్యా కలిసి.

అప్పుడు మామయ్య తల తిప్పి పెళ్లాన్ని చూశాడు. నట్టు మీద పట్టకారు గీతలు చూశాడు, ఆవిడ అరచేతిలో ఎర్రగా కందిన గుర్తు చూశాడు. ఆయన కళ్లు నవ్వుతున్నాయో ఇంకేమైనా చేస్తున్నాయో చెప్పడం కష్టం. బాబాయి మాత్రం వదల్లేదు.

"నేనడిగిందానికి జవాబు రాలేదు. తక్కిన నాలుగు ఎవరివమ్మా?"

టీచరమ్మ చీర కొంగుతో చెయ్యి దాచుకుంది. చాలా వినయంగా, "న్యూట్రల్ పడటం లేదు బాబాయిగారూ" అంది. "ఏం చేయమంటారు?"

బాబాయి నవ్వితే అరుగు అదిరింది. కూతురు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తిరుగు ప్రయాణానికి ఆయన కూతురు చెయ్యి కూడా పట్టుకోలేదు. రేపు డాక్టరుకి ఈ నడక చూపించి ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉబలాటపడుతూ వెళ్లాడు.

ఆ రోజు ఆలస్యం పుస్తకంలో టీచరమ్మ కారణం దగ్గర "నాది" అని రాసింది. హెడ్మాస్టరు గారు రెండుసార్లు చదివి, అడగడం ఎందుకులే అని సంతకం పెట్టించుకున్నారు.

అంతకు ముందు, బడికి వెళ్లే దారిలో పెద్ద రోడ్డు కూడలిలో ఎర్ర దీపం పడింది. మామయ్య చక్రం దొర్లుతుండగానే కాలితో సగం తట్టు తట్టాడు. పచ్చ లైటు వెలిగింది. వెలిగిందా అని ఆయన అడగలేదు. టీచరమ్మ వెనక నుంచి ముందుకి వంగి, ఆయన మణికట్టు మీద వాచీ చూసింది. ఇరవై రెండేళ్ల కింద ఒక గదిలో భయంతో తనకి నోరు పెగలకపోతే ఎదురుగా ఒకాయన పది నిమిషాలు ఆలోచించి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఏవండీ, నిజం చెప్పండి. ఈ వాచీ అసలు వెనకబడుతుందా?"

ఆయన వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రోజుకి రెండు నిమిషాలండీ" అన్నాడు, ఆ రోజు అన్నట్టే. "ఏం చేయమంటారు?"

"తిప్పుకుంటూ ఉండండి" అంది టీచరమ్మ.